వరుసలో వైరు బుట్ట

శాంతయ్య మీట నొక్కాడు. అరచేతిలోని చిన్న యంత్రంలో అంకె ఒకటి పెరిగింది. సన్నటి మనిషి, చొక్కా కొక్కేనికి తగిలించినట్టు భుజాల మీద వేలాడుతోంది. పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది.

తిరుపతి నుంచి పుత్తూరుకు హైవే వెంట కొత్త బస్సు మార్గం వేయబోతున్నారు. నిండిన బస్సులు ఆగకుండా పోతాయి గనుక, ఎక్కేవాళ్లను కాక, స్టేజీలో ఎదురుచూసేవాళ్లను లెక్కపెట్టమన్నారు. జనం చాలని చోట కొత్త బస్సు ఆగదు. వడమాలపేటకు ఇవతలి ఈ స్టేజీలో లెక్క ఇవాళ్టితో ఆఖరు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెట్లు పోయాయి. ఆడవాళ్లు వెనకగా, మూతపడిన రైసుమిల్లు గోడ నీడలో కూర్చున్నారు. తెల్లగీత పక్కన వాళ్లకు బదులు వాళ్ల వస్తువులున్నాయి: కరివేపాకు మూట, ఒంటి చెప్పు, రాయి పెట్టిన తువ్వాలు, చొట్టపోయిన బిందె. బస్సు కనబడితే ఎవరి వస్తువు దగ్గరికి వాళ్లు వస్తారు. ఆ వరుసను ఎవరూ తప్పరు.

వంకాయలమ్మే వరదమ్మ తన చెప్పును సరిగ్గా జరపడానికి వచ్చింది.

"ఏమన్నా, మమ్మల్ని లెక్కేసినావా?"

"నిలబడిండే వాళ్లనే ఏసినాను."

"మరి నా చెప్పేంది, ఎండలో షికారుకొచ్చిందా?" నవ్వింది. వెంటనే నవ్వు ఆగిపోయింది. "ఈడ బస్సు నిలపకుంటే యాడికి పోవాల మేము? పేట దాకా తట్టలు మోసుకోని నడవాల్నా?"

శాంతయ్య వరుస వైపు చూశాడు. రోజూ చూస్తున్నదే. చిన్నప్పుడు పుత్తూరు బస్టాండులో నాయన అతణ్ణి కిటికీలోంచి లోపలికి తోసేవాడు. సీటు మీద తువ్వాలు పరిచి, ఎవరడిగినా "మనిషొస్తాడు" అనాలి. పెద్దలు వచ్చి కూర్చున్నాక అతను నిలబడేవాడు. తర్వాత చిత్తూరులో వకీలు దగ్గరా అదే పని: కోర్టు వరండా బెంచీ మీద కక్షిదారు వచ్చేదాకా కూర్చోవడం, రాగానే లేవడం. తన పెళ్లి భోజనాల్లో కూడా ఎవరో వస్తున్నారని విస్తరి ముందు నుంచి లేచాడు. అది బాధగా తోచలేదు. తువ్వాలును మనిషిగా లెక్కపెట్టాలన్న ఆలోచన మాత్రం ఎన్నడూ రాలేదు.

ఈ లెక్క అప్పగించిన ఇంజినీరు ప్రశాంతికి ఫోన్ చేశాడు. "తప్పు చేసినాను మేడం. ఈడ వస్తువులు వరుసలో పెట్టి మనుషులు నీడకు పోతారు. వాటిని ఇడిసిపెట్టినాను."

ఆమె అడిగింది: "ఒక వస్తువుకు ఒక మనిషేనా?"

"ఒకరే మేడం. దొంగ చెప్పు పెడితే వరదమ్మ ఊరుకోదు."

"అయితే ఇవాళ వాటినీ వేయండి. ఫోటోలు పంపండి. పాత లెక్క తప్పని నేను రాస్తాను."

సాయంత్రం దాకా అతను వరుస పక్కన వంగి వంగి నడిచాడు. మూట దగ్గర ఒక నొక్కు, బిందె దగ్గర ఒక నొక్కు. మధ్యలో భుజం పట్టుకుని ఆగాడు.

"ఇంటికేనా?" వరదమ్మ నీడలోంచి అరిచింది. "బుట్ట ఆడ పెట్టి రా అన్నా. నువ్వు నిలబడితే బస్సు బిరీన వస్తాదా?"

పర్వాలేదనబోయాడు. తన ఆకుపచ్చ వైరు బుట్టను వరుస చివర పెట్టాడు. కాసేపు దాన్నే చూశాడు. మీట ఇంకోసారి నొక్కాడు. ఆ అంకె ప్రశాంతికి పంపి, వెళ్లి గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు. ఆమె జవాబు వచ్చింది: "చాలు శాంతయ్య గారూ, ఈ స్టేజీ ఉంచమని రాస్తున్నా." చదివి వరదమ్మకు చూపించాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

బస్సు వచ్చింది. వస్తువులు ఒక్కొక్కటే చేతుల్లోకి వెళ్లాయి. కండక్టరు మెట్టు మీది నుంచి వంగాడు. "ఆ బుట్ట ఎవురిది? మనిషి ఉండాడా?"

"ఉండాడు. లెయ్యన్నా!" వరదమ్మ గోడ వైపు తిరిగి కేకేసింది.

గోడ దగ్గర కదలిక లేదు. వరదమ్మ చెప్పు చేత్తో పట్టుకునే వెనక్కి నడిచింది, భుజం తట్టింది, అక్కడే చతికిలబడింది. కండక్టరు దిగివచ్చి అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

తెల్లగీత పక్కన ఆకుపచ్చ వైరు బుట్ట, ముందు ఎవరూ లేని వరుసలో, పిడి రోడ్డు వైపు వాలి ఉంది.