మేరీ పొలం

వర్నా టిల్లట్‌సన్ ముప్పై నాలుగేళ్లు బడిపిల్లలకు చరిత్ర చెప్పింది. ఉద్యోగం మానాక తన వంశచరిత్ర పట్టుకుంది. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలోని విల్లమెట్ లోయకు ఆమె ముత్తాత ఎబెన్ 1846లో మిస్సోరీ నుంచి ఎడ్లబండి మీద వచ్చాడు. ఆయన ఒంటరిగా వచ్చి, అడవి నరికి, ఆరువందల నలభై ఎకరాలు సాగులోకి తెచ్చాడని, ఊళ్లో మొదటి తెల్లవాడు ఆయనేనని ఆమె పుస్తకం రాసి అచ్చు వేయించింది. ఆ పుస్తకం ఊళ్లో ఇంటింటా ఉంది. ఈ జూలైలో తొలి వలసదారుల కుటుంబాల వనభోజనాల నాడు నాలుగు రోడ్ల కూడలిలో ఎబెన్ పేరున కంచుఫలకం పెట్టాలని కమిటీ తీర్మానించింది. దానిమీద రాయాల్సిన మాటలు కూడా వర్నావే.

ఫలకం పోతకు వెళ్లిన వారంలోనే, ఒక శనివారం, ఊరి గ్రంథాలయంలో వర్నా కూర్చునే పాత రికార్డుల గదికి ఒక స్త్రీ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. పొట్టిగా, బొద్దుగా ఉంది. బడిబస్సు నడిపేవాళ్లు తొడుక్కునే చలికోటు వేసుకుంది.

"టీచరుగారు మీరేనా? నా పేరు నోరీన్ లాప్లాంట్. పడమటి కొండల్లోని రిజర్వేషన్ నుంచి వచ్చాను" అంది.

ఆదివాసులను సైనికులు తోలుకుపోయి పెట్టిన చోటది. వర్నా కుర్చీ చూపించింది.

"మా అమ్మమ్మ వాళ్లమ్మ పేరు సూజన్. మా తెగవాళ్ల పేర్ల పట్టీలో ఆవిడ తండ్రి పేరు దగ్గర ఖాళీ. తల్లి పేరు మేరీ, ఈ లోయలోనే ఉండే కలపుయ తెగ మనిషి. సూజన్ నాన్న టిల్లట్‌సన్ అని మా ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. కాగితం ముక్కేమైనా దొరుకుతుందేమోనని వచ్చాను. నాకేమీ రావాలని కాదండీ. మా అమ్మకు తొంభై ఒకటి. ఆ ఖాళీలో పేరు చూసి పోవాలంటోంది."

మేరీ పేరు వర్నాకు తెలుసు. ఆ కాలపు చట్టం ప్రకారం పెళ్లికాని మగవాడికి మూడువందల ఇరవై ఎకరాలే వచ్చేవి. పెళ్లయితేనే ఆరువందల నలభై, అందులో సగం భార్య పేరున. ఈ లెక్క ఆమె ఏటా తరగతిలో పిల్లలకు చెప్పింది. ఇరవై రెండేళ్ల కిందట రాజధానిలో ఎబెన్ భూమి కాగితాలు తీయించినప్పుడు, అందులో భార్య మేరీ పేరు, పక్కన ఆమె సంతకానికి బదులు గీసిన గుర్తు, 'ఈ దంపతులు కాపురముంటున్నారు' అని ఇద్దరు సాక్షుల ప్రమాణం, అన్నీ చూసింది. ఆ ఒక్క నకలు బల్ల సొరుగులో పెట్టి పుస్తకం రాసేసింది.

"అటువంటిదేమీ నా కంటపడలేదండీ" అంది వర్నా. గొంతు మామూలుగానే వచ్చింది. అది ఆమెను ఇంకా భయపెట్టింది.

నోరీన్ బల్లమీదున్న పుస్తకం తీసి, పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది.

"'ఏటి గట్టున ఉన్న దిగువ పొలాన్ని మా ఇంట్లో మేరీ పొలం అంటారు. అది ఎబెన్ దొర ప్రాణంగా చూసుకున్న పాడి ఆవు పేరు.'" పైకి చదివి తలెత్తింది. "ఆవు పేరా, టీచరుగారూ?"

"అలాగని... మా నాన్న అనేవాడు" అంది వర్నా. నాన్న ఎన్నడూ ఆ మాట అనలేదు.

"పోన్లెండి. మంచి ఆవు అయ్యుంటుంది" అని నోరీన్ పుస్తకం జాగ్రత్తగా మూసింది. వెళ్లే ముందు సంచిలోంచి సీసా తీసి బల్లమీద పెట్టింది. "కొండ నేరేడు జామ్. శనివారం పూట మీకు శ్రమ ఇచ్చాను."

వర్నా ఆ సీసా ఇంటికి తెచ్చింది గాని మూత తీయలేదు. ఆదివారం ప్రార్థనకు పోలేదు. సోమవారం తమ్ముడు డెల్మర్ దగ్గరకు వెళ్లింది. అతను ట్రాక్టరు కింద పడుకుని నట్లు బిగిస్తున్నాడు.

"ఒరే, మేరీ ఎవర్రా?" అంది.

"ఆవు. నువ్వే రాశావుగా!"

"ఎగతాళి చాలు. నీకు తెలుసా, తెలీదా?"

డెల్మర్ బయటికి జరిగి కూర్చుని చేతులు తుడుచుకున్నాడు. "నాన్న చెప్పాడు. ఏటి దగ్గర పొయ్యిరాళ్లు తగిలితే దున్నకుండా పక్కకు తిప్పమన్నాడు. ఆవిడ ఇల్లు అక్కడేనట. అక్కా, నూటనలభై ఏళ్లయింది. తవ్వితే ఏమొస్తుంది? నీ పరువూ నా పరువూ ఏట్లో కలుస్తాయి."

"ఆవిడ మునిమనవరాలి కూతురు మొన్న నా ఎదుట కూర్చుంది. నేను అబద్ధం చెప్పాను."

"చెప్పావుగా, ఇక ఊరుకో."

"జామ్ ఇచ్చి వెళ్లిందిరా."

డెల్మర్ మళ్లీ ట్రాక్టరు కిందికి జరిగాడు.

మంగళవారం వర్నా కారు వేసుకుని కొండల్లోకి వెళ్లింది. నోరీన్ ఇంటిముందు బట్టలు ఆరేస్తోంది. ఆమెను చూసి క్లిప్పులు బుట్టలో వేసింది. లోపలికి రమ్మనలేదు.

వర్నా కవరు అందించింది. "ఇది ఇరవై రెండేళ్లుగా నా దగ్గరుంది. మొన్న మీరు అడిగినప్పుడూ ఉంది."

నోరీన్ నిలబడే చదివింది. మేరీ గీసిన గుర్తు మీద వేలు పెట్టింది. తర్వాత మెట్టు మీద కూర్చుంది.

"పద్దెనిమిదివందల యాభై అయిదులో భూమి ఖాయమైందని ఇక్కడుంది. యాభై ఆరు చలికాలంలో మావాళ్లను ఇక్కడికి నడిపించారు. అంటే ఆవిడతో పని తీరే దాకా ఉంచుకున్నాడన్నమాట."

నోరీన్ కాగితం మడిచి కవర్లో పెట్టింది.

"తల్లీబిడ్డలకు ఆయనే దుప్పటి కప్పి బండెక్కించాడట. 'వసంతం రాగానే వచ్చి తీసుకెళ్తా' అన్నాడట. సూజన్‌కు అయిదేళ్లు. బతికినన్నాళ్లూ ఏటా మంచు కరగ్గానే మేరీ దారికేసి కూర్చునేదని మా అమ్మమ్మ చెప్పేది. ఆయన యాభై ఎనిమిదిలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడని మీ పుస్తకంలోనే చదివాను. మీరు ఆ సంతతి."

"అవును."

"వరస కలిపితే నాకు అత్తయ్యో, పిన్నో అవుతారు. శనివారం నా మొహంలోకి చూస్తూ లేదన్నారు. ఆయన నూటనలభై ఏళ్ల కిందటివాడు, పోయాడు. మీరు మొన్నటివాళ్లు."

"క్షమించమని అడగడానికి రాలేదు" అంది వర్నా. నిజానికి అందుకే వచ్చింది. ఆ సంగతి నోట్లోంచి మాట వచ్చాకే ఆమెకు తెలిసింది.

"మంచిది. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలీదు" అంది నోరీన్. "అమ్మకు చూపిస్తాను. మీరు మీవాళ్లకు చూపించండి."

జూలైలో వనభోజనాలకు మూడువందల మంది వచ్చారు. అప్పటికే ఫలకం బిగించేశారు. వర్నాను మాట్లాడమన్నప్పుడు ఆమె రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టి, రాజధాని నుంచి మళ్లీ తెప్పించిన భూమి కాగితం నకలు మొదటి నుంచి చివరి దాకా చదివింది. "నా పుస్తకంలో ఆవు అని రాసిన మేరీ ఈవిడే. తెలిసే రాశాను" అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక పెద్దాయన "భోంచేసే వేళ ఇదేం గోల?" అన్నాడు. జనం ఆలుగడ్డల సలాడు వడ్డించుకుంటూ ఆమె బల్లకు దూరంగా సర్దుకున్నారు. డెల్మర్ అప్పుడే లేచి ఇంటికి వెళ్లిపోయాడు. పంట కోతలయ్యేదాకా అక్కతో మాట్లాడలేదు.

నోరీన్ తల్లిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి, చెట్టు కింద వెనకగా నిలబడింది. అంతా అయ్యాక వర్నా వాళ్ల దగ్గరకు వెళ్లింది. ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్లు తడిమి, "సూజన్‌వీ ఇలాగే పొడుగు వేళ్లు. మీకు ఎవరి పోలిక?" అని అడిగింది.

"ముత్తాతదంటారు" అంది వర్నా. ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్న మాటే. ఇప్పుడు ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముసలావిడ మాత్రం వదల్లేదు.