నాలుగిళ్లకు ఒకే తీగ

మా ఇంట్లో ఫోను ఉండేది గానీ అది మా ఒక్కరిదే కాదు. జహీరాబాద్ ఎక్స్‌ఛేంజి నుంచి చిరాగ్‌పల్లి దాకా బొంబాయి రోడ్డు వెంబడి ఒకే తీగ వచ్చేది. ఆ తీగకు నాలుగు ఫోన్లు. గంజ్ మార్కెట్‌లో రైతుల అల్లం అమ్మిపెట్టే గురులింగప్ప గారి అడ్తి దుకాణంలో ఒకటి, సర్పంచ్ మాణిక్ ఇంట్లో ఒకటి, మా ఇంట్లో ఒకటి, మా చేనుకు ఎగువన కొత్తగా పెట్టిన రంగుల కంపెనీలో ఒకటి. ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్ ఇస్సాకు హ్యాండిల్ తిప్పాడంటే నాలుగు చోట్లా గంట మోగేది. ఒక పొడుగు, రెండు పొట్టి మోగితే అది మాకు. రెండు పొడుగులు మోగితే కంపెనీకి. ఎవరి గంటకు వాళ్లే ఎత్తాలని ఇస్సాకు చెప్పి చూశాడు. గంట మోగుతుంటే చేతులు కట్టుకుని ఎవరు కూర్చుంటారు? అందరమూ ఎత్తేవాళ్లం.

అట్లా వినడాన్ని మా దగ్గర ఎవరూ తప్పనుకోలేదు. వింటూ కూడా లైన్లో లేనట్టు ఉండటమే మర్యాద కాదు. గురులింగప్ప గారు మా మామతో అల్లం ధర మాట్లాడుతూ మధ్యలో ఆగి, "మాణిక్, నీ రేడియో జర తక్కువ చెయ్, ఏం వినొస్తలేదు" అనేవారు. రేడియో తగ్గేది. "మనోరమా, పాపకు దగ్గు తగ్గిందా బిడ్డా?" అనేవారు. "తగ్గింది కాకా" అని నేను చెప్పాక మళ్లీ ధరలోకి వెళ్లేవారు. ఒక్కటే కట్టుబాటు ఉండేది. మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటుంటే మిగతావాళ్లు పెట్టేయాలి. మా ఆయన చంద్రశేఖర్ అల్లం లారీతో బొంబాయి పోయి అక్కడినుంచి ట్రంకాల్ చేసినప్పుడు, "ఏం చేస్తున్నవ్?" అన్న మాట వినపడగానే టక్కు టక్కుమని రిసీవర్లు పడేవి. గురులింగప్ప గారిది మాత్రం కాస్త ఆలస్యంగా పడేది.

ఈ పద్ధతి తెలియని మనిషి లైను మీద ఒక్కడే. రంగుల కంపెనీ మేనేజర్ మదన్‌మోహన్. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు, ఫోనంటే ఇద్దరి మధ్య మాట అనుకునేవాడు. ఆయనకు తెలిసే ఉంటుందని మేమనుకున్నాం. అందుకే ఎవరూ చెప్పలేదు.

భోపాల్ గ్యాస్ వార్త వచ్చిన ఏడాది అది. రేడియోలో ఆ వార్త విన్నప్పటి నుంచి కంపెనీ పొగగొట్టం కనపడితేనే పాప ముఖాన కొంగు కప్పేదాన్ని. మా నీలుకు అప్పటికి పది నెలలు. చనిపోయిన మా అత్తగారు నీలమ్మ పేరే పెట్టుకున్నాం. పాప తుమ్మినా కంపెనీ వల్లే, విరేచనమైనా కంపెనీ వల్లే అని నేనంటే, "పండ్లొస్తున్నా కంపెనీ మీదనే ఏస్తవా?" అని మా ఆయన నవ్వేవాడు.

ఆ చలికాలంలోనే మా బావి నీళ్లు రంగు తిరిగాయి. మొదట పాప పొత్తిగుడ్డల మీద చూశాను. ఎంత ఉతికినా పసుపు నీళ్లలో ముంచి తీసినట్టే ఉండేవి. తర్వాత నీళ్లు కాచిన గిన్నె లోపల పచ్చటి చార కనపడింది. పోయి మా మామ రేవణసిద్ధప్పకు చెప్పాను.

"బాయి నీళ్లు మంచిగ లేవు మామా."

"ఎందుకు మంచిగ లేవు? అల్లం చూడు, పెండ్లిపిల్ల లెక్క మెరుస్తున్నది."

అదీ సంగతి. తవ్విన అల్లాన్ని మా దగ్గర తొట్టిలో నానబెట్టి, గోనెపట్టాల మీద రుద్ది, కడిగి గంజ్‌కు పంపుతారు. ఆ నీళ్లతో కడిగిన అల్లానికి ఎన్నడూ లేని మెరుపొచ్చింది. గంజ్‌లో బేరగాళ్లు మా బస్తాల దగ్గరే ఆగుతున్నారని మామ మీసం మెలేస్తున్నాడు.

"అల్లం ఆ నీళ్లు తాగదు గద మామా. పాప తాగుతది."

"పైపు తుప్పు అయ్యుంటది. ఊకె ఫికర్ చెయ్యకు."

పాప కోసమని నేను అవతలి చేను బావి నుంచి బిందెతో నీళ్లు తెచ్చుకున్నాను. ఎండలు ముదరక ముందే ఆ బావి అడుగంటింది. ఇక మా బావే దిక్కు. ఈ నీళ్లు పాపకు పట్టొచ్చో పట్టకూడదో ఎవరైనా ఒక్క మాట చెబితే చాలనిపించేది. ఏడో తరగతిలోనే బడి మానేసిన దాన్ని, ఎవరిని అడగాలో కూడా తెలిసేది కాదు. ఒకసారి కంపెనీ గేటు దాకా వెళ్లాను. సార్ మీటింగులో ఉన్నాడని వాచ్‌మన్ తిప్పి పంపాడు.

శాసనసభ ఎన్నికల ప్రచారం జోరుగా ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం రెండు పొడుగులు మోగాయి. పాపను చంకన వేసుకుని రిసీవర్ ఎత్తాను. మాణిక్ కంపెనీకి ఫోను చేస్తున్నాడు. ప్రచారానికి కంపెనీ జీపు కావాలట.

"జీపు పంపిస్తానండీ" అన్నాడు మదన్‌మోహన్. "కానీ మన మురుగు గుంత కట్ట ఇంకా కారుతూనే ఉంది. రంగునీళ్లు కింది చేల వైపు పోతున్నాయి."

"సాబ్, అది తర్వాత మాట్లాడుకుందాం. లైను..."

"లైను ఈరోజు చాలా బాగుందండీ. మీరు పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టుంది."

"మీరు గూడ మంచిగ వినొస్తున్నరు సాబ్. అందరికి."

"ఏమన్నారు?"

"ఏం లేదు. ఎండలెట్లున్నయి మీ దిక్కు?"

"ఎండల సంగతి సరే. ఓట్లు అయ్యేదాకా కట్ట పని మొదలుపెట్టొద్దని మీరే అన్నారు. కూలీలు వస్తే ఊరంతా తెలుస్తుందని. నాకేమో రోజురోజుకీ భయంగా ఉంది."

మాణిక్ పెద్దగా నిట్టూర్చాడు. గంజ్ నుంచి పాన్ ఉమ్మిన చప్పుడు వినపడింది. నేను రిసీవర్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను. ఈలోగా నీలు రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకుని, "తాతా!" అని కేక పెట్టింది.

"ఎవరది?" అన్నాడు మదన్‌మోహన్. "మాణిక్ గారూ, మీ ఇంట్లో పాపా?"

"కాదు సార్, మా ఇంట్ల" అన్నాను. "మీ గుంత కిందున్న బాయి మాదే. ఆ నీళ్లు నా బిడ్డకు తాపొచ్చా, తాపొద్దా?"

మదన్‌మోహన్‌కు కోపం వచ్చింది. "ఇదేం పద్ధతండీ? ఒకరి ఫోను ఇంకొకరు వింటారా? ఇది కంపెనీ సొంత విషయం."

"నా బిడ్డ కడుపులకు పోయేది నా సొంత విషయం గాదా సార్?"

"రేపు మీ ఇంటి మాటలు నేను వింటే ఊరుకుంటారా?"

"ఎన్నడన్న ఎత్తుండ్రి. అల్లం ధర, పాప దగ్గు. అంతకు మించి ఏం దొరకది."

"మేనేజర్ సాబ్" అని గురులింగప్ప గారు అందుకున్నారు. "మేం విన్నది చెవులతోని. విని మీకు నష్టం చెయ్యలే. మీరు రంగునీళ్లు బాయిలకు పంపిన్రు. ఏది పెద్ద తప్పో మీరే చెప్పుండ్రి."

"ఇంకో మనిషా! ఎంతమంది ఉన్నారు లైన్లో?"

"నేను గూడ ఉన్న సార్" అన్నాడు ఎక్స్‌ఛేంజి నుంచి ఇస్సాకు. "దవాఖాన నుంచి ఈ లైనుకే ఫోనొస్తున్నది. జల్ది తేల్చుకోండ్రి."

మదన్‌మోహన్ గొంతు తగ్గించాడు. ఇవి సాంకేతిక విషయాలని, నాకు అర్థం కావని అన్నాడు. కంపెనీ రాబట్టే ఈ ఊరి పిల్లలకు పని దొరికిందనీ, రంగులు తయారుచేయకపోతే మనం కట్టే చీరలు ఎక్కడివనీ అడిగాడు.

"రంగు చీరల ఉండనీయుండ్రి సార్. పాలసీసల ఎందుకు? నాకు పెద్ద మాటలు తెల్వయి. తాపొచ్చా, తాపొద్దా, ఆ ఒక్కటి చెప్పుండ్రి."

"చెల్లె, ఎలక్షన్ అయిపోనీ, నేనే దగ్గరుండి కట్ట ఏపిస్త" అన్నాడు మాణిక్.

"ఎలక్షన్ దాక దూప కాకుండ, నీళ్లు అడగకుండ ఉండాల్నా అన్నా, నా బిడ్డ?"

"ఆగాగు" అన్నారు గురులింగప్ప గారు. "అయితే ఈ యేడు సిద్ధన్న అల్లానికి ఆ మెరుపు కంపెనీ రంగుతోని వచ్చిందా? నేనేమో మంచి విత్తనం అనుకుంటున్న. ఫోను సిద్ధన్నకియ్యి బిడ్డా."

మామ అప్పటికే తొట్టి దగ్గరి నుంచి తడి చేతులతో వచ్చి గడపలో నిలబడి ఉన్నాడు. రిసీవర్ ఇచ్చాను. అవతల ఏమంటున్నారో నాకు వినపడలేదు గానీ మామ మీసం కిందికి దిగడం కనపడింది.

"అట్లంటే ఎట్ల గురులింగం? వాపసు పంపుతవా? మొత్తమా?" అన్నాడు. కాస్త ఆగి, "నిజమే, తినే వస్తువే" అని గొణిగాడు. తర్వాత గొంతు పెంచాడు. "మేనేజర్ సార్, ఉన్నరా? నా బాయిల మీ రంగేంది?"

అందుకు అవతలి నుంచి ఎవరో ఏదో అన్నారు. మామ చిన్నబోయాడు. "ఏమంటున్నరు?" అని అడిగాను.

"అల్లాన్ని నిన్నటిదాక పెండ్లిపిల్ల అంటివి గద అంటున్నడు మాణిక్" అని మామ నీలు వంక చూశాడు. నీలు ఆయన తడి వేళ్లు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. మామ గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. మరోసారి తుడుచుకున్నాడు. "నువ్వే మాట్లాడు బిడ్డా" అని ఫోను నాకు ఇచ్చేశాడు.

అప్పుడేం ధైర్యం వచ్చిందో, "సార్, రేపు పొద్దుగాల మా ఇంటికి రాండ్రి" అన్నాను. "మా బాయి నీళ్లతోనే చాయ పెడత. మీరు తాగుండ్రి. మీరు తాగితే పాపకు తాపుత. ఇగ ఎవ్వరినీ ఏం అడగ."

"వస్తాను" అన్నాడాయన. మాట ఇచ్చేశాక గానీ లైన్లో ఎంతమంది ఉన్నారో ఆయనకు గుర్తు వచ్చినట్టు లేదు.

పొద్దున్నే పొయ్యి వెలిగించేసరికి వాకిట్లో మంచం మీద గురులింగప్ప గారు కూర్చుని ఉన్నారు. మాణిక్ జీపులో వచ్చాడు. "మీటింగుకు పోతూ పోతూ ఆగిన" అన్నాడు, ఎవరూ అడగకుండానే. ఇస్సాకు డ్యూటీ దిగి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. మదన్‌మోహన్ స్కూటర్ దిగి ఆ జనాన్ని చూసి తల గోక్కున్నాడు. ఫోనులో గొంతు విని పెద్దాయన అనుకున్నాను. మనిషి మా ఆయన కంటే చిన్నవాడు.

మా అల్లమే దంచి చాయ పెట్టాను. స్టీలు గ్లాసులో పోస్తే రంగు తెలియదని గాజు గ్లాసులో పోశాను. చాయకు చాయ రంగే ఉంది గానీ అంచున పచ్చటి గీత కనపడుతోంది. మదన్‌మోహన్ గ్లాసు అందుకుని చూశాడు, వాసన చూశాడు, మళ్లీ చూశాడు.

"చల్లారుతది సాబ్" అన్నారు గురులింగప్ప గారు.

ఆయన గ్లాసు పెదాల దాకా తీసుకెళ్లాడు. తాగేసేవాడేమో, పట్టుదల మీద ఉన్నాడు. ఈలోగా నీలు మంచం కోడు పట్టుకుని నిలబడి ఆ గ్లాసు కోసం చెయ్యి చాపింది. ఆయన గ్లాసును ఎత్తి అవతలికి జరిపి, రెండో చేత్తో పాపను ఆపాడు. "వద్దమ్మా, వద్దు. ఇది తాగొద్దు."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆయనకూ తెలిసింది. గ్లాసు నేల మీద పెట్టి నా వైపు తిరిగాడు.

"పట్టకండి. తాగడానికి గానీ వంటకు గానీ ఈ నీళ్లు వాడకండి. సాయంత్రానికల్లా ట్యాంకర్ పంపిస్తాను."

"కట్ట?" అన్నాను.

"ఈరోజే మొదలుపెడతాం." ఆయన మాణిక్ వంక చూశాడు.

మాణిక్ మెడలోని తువ్వాలు సర్దుకున్నాడు. "నేను వద్దన్ననా? కూలీలను నేనే పంపుత. ఓట్లకు ముంగట కట్ట ఏపిచ్చినోడు ఎవరని జనం అడిగితే, జర నా పేరు చెప్పుండ్రి" అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాను.

ట్యాంకర్ ఆ సాయంత్రం రాలేదు, మర్నాడు వచ్చింది. రాలేదని నేను హ్యాండిల్ తిప్పి రెండు పొడుగులు మోగించాను. నేను నోరు తెరవకముందే అవతలి నుంచి మాణిక్, గురులింగప్ప గారు ఒకేసారి "ట్యాంకర్ ఏది సాబ్?" అన్నారు. మెరుపు అల్లాన్ని మామ గంజ్ నుంచి వాపసు తెప్పించి చేన్లోనే పారబోశాడు. ఆ ఏడు మిగిలిన అల్లాన్ని కంపెనీ ట్యాంకర్ నీళ్లతోనే కడిగాం. మట్టి రంగులో, ముఖం మాడ్చుకున్నట్టుండేది. గురులింగప్ప గారు దాన్ని చూసి, "ఇప్పుడు అల్లం లెక్కున్నది" అన్నారు.

కంపెనీకి వేరే లైను ఇస్తామన్నారట గానీ రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా మదన్‌మోహన్‌కు మా పద్ధతి అలవాటైంది. రిసీవర్ ఎత్తగానే, "అందరూ ఉన్నారా? కట్టకు రాళ్లు పరిచారు. ఇక మాట్లాడుకుంటాను" అనేవాడు. బొంబాయి ఆఫీసు వాళ్లు, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగితే, "మా లైను వాళ్లతో" అనేవాడు. హైదరాబాద్ నుంచి ఆయన భార్య ఫోను చేస్తే గొంతు సవరించుకుని ఆగేవాడు. మేం టక్కు టక్కుమని పెట్టేసేవాళ్లం.

వానలు పడ్డాయి. కంపెనీ మోటరు పెట్టి మా బావి తోడి పోసింది, ఊరింది, మళ్లీ తోడింది. హైదరాబాద్‌లో నీళ్లు పరీక్ష చేయించారు. ఆ రిపోర్టు ఆయన లైన్లోనే చదివాడు. అందులో మాటలు మాకెవరికీ అర్థం కాలేదు.

"అదంత సరే సార్" అన్నాను. "తాపొచ్చా?"

"చాయ పెట్టండి, వస్తున్నాను" అన్నాడు.

ఆయన వచ్చేసరికి వాకిట్లో మంచం నిండిపోయి ఉంది. అదే గాజు గ్లాసులో పోసి ఇచ్చాను. అంచున గీత లేదు. ఆయన నిలబడే అడుగు దాకా తాగి, గ్లాసు బోర్లించి చూపించాడు. "అల్లం బాగా ఘాటుగా ఉంది" అని దగ్గాడు.

కుండలోంచి చెంబుతో మా బావి నీళ్లు ముంచాను. నీలు అప్పటికి నడుస్తోంది. రెండు చేతులతో చెంబు పట్టుకుని, సగం గౌను మీద పోసుకుని, సగం తాగింది. తడిసిన తెల్ల గౌను ఎండలో తెల్లగానే ఆరింది.