పచ్చటి ముఖాల ముందు

అల్ ఖోర్‌లో ఉండే అనంతలక్ష్మి ఒక శుక్రవారం మధ్యాహ్నం దోహాలో చిత్రప్రదర్శనకు వెళ్ళింది. పెళ్ళికి ముందు కాకినాడలో పిల్లలకు బొమ్మలు నేర్పేది. ఖతర్ వచ్చాక కుంచె ముట్టలేదు. ఎవరూ వద్దనలేదు, వెయ్యమని అడిగినవాళ్ళూ లేరు.

చివరి గదిలో వందేళ్ళు దాటిన జర్మన్ చిత్రం ఒకటి ఉంది. ఒక చిత్రకారిణి తన తోటి చిత్రకారులను గీసింది. బల్ల చుట్టూ ముగ్గురు. పచ్చటి ముఖాలు, వంకాయరంగు నీడలు. ఎర్రచొక్కా ఆయన చెయ్యెత్తి ఏదో చెబుతుంటే మిగతా ఇద్దరూ వింటున్నారు. అనంతలక్ష్మి ఎదురుగా బెంచీ మీద కూర్చుండిపోయింది.

ఇంతలో బయట దుమ్ముగాలి లేచింది. అద్దాల అవతల సముద్రం మాయమైంది. గదంతా పసుపునీళ్ళలో మునిగినట్టయింది. ఆ వెలుగులో బొమ్మలోని చెయ్యి కాస్త కదిలినట్టనిపించింది.

"ఏం మాట్లాడుకుంటున్నరో!" బెంచీకి అటు చివర కూర్చున్న మనిషి పైకే అనుకున్నాడు.

ఆమె తిరిగి చూసింది. "తెలుగువారా?"

"జగిత్యాల దిక్కు, మేడం. తిరుమల్ నా పేరు. ఊర్ల దుకాణాల బోర్డులు రాస్తుంటి. ఫ్లెక్సీలొచ్చినంక ఆ పని పోయింది. ఈడ కంపెనీల పైపులకు రంగేస్త."

"ఆ ఎర్రచొక్కా ఆయన ఏమంటున్నాడంటారు?"

తిరుమల్ చాలాసేపు చూశాడు. "నన్ను పచ్చగ ఎందుకేసినవే అంటుండు."

"మాట్లాడేటప్పుడు నువ్వలాగే ఉంటావు అంటోంది బొమ్మ గీసినావిడ," అని నవ్వింది అనంతలక్ష్మి.

గాలి తగ్గేదాకా ఇద్దరూ రంగుల గురించే మాట్లాడుకున్నారు. మాటల మధ్యలోనే తిరుమల్ జేబులోంచి పెన్సిల్ తీసి, ప్రదర్శన కరపత్రం వెనక ఆమె బొమ్మ గీసి, కింద తన ఫోన్ నంబరు రాసి ఇచ్చాడు.

ఇంటికెళ్ళాక భర్త సత్యనారాయణమూర్తి దాన్ని దీపం కింద పెట్టి చూశాడు.

"ఎవరిది?"

"నాదే."

బొమ్మలో ఆమె నోరు సగం తెరుచుకుని ఉంది, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "ఏం చెబుతున్నావప్పుడు?" అన్నాడాయన. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అన్నం చల్లారిపోయింది.

పై శుక్రవారం ఆయనే రంగులు కొనిపెట్టి, ఆమెను అల్ ఖోర్ సముద్రపొడ్డున దించాడు. ఆమె ఫోన్ చేసి పిలిస్తే తిరుమల్ బస్సులో వచ్చాడు, వెంట కార్మికుల క్యాంప్‌లో అతని గదిలోనే ఉండే జియావుద్దీన్. ముగ్గురూ ఇసుకలో కాగితాలు పరిచారు.

"నాకేమీ రాదు," అన్నాడు జియావుద్దీన్ హిందీలో, సిగ్గుపడుతూ. కాసేపటికి అతనే కుంచె అడిగి తీసుకుని, ఎదుట ఆగిన పడవను నారింజరంగులో వేయసాగాడు.