ప్లాస్టిక్ తొడుగులో తిరుగుబాటు

నేను ఒక గ్రామఫోను రికార్డును. నల్లటి ఒళ్లు, నడుమ చిల్లు. బ్రిటన్‌లో పంక్ సంగీతం ఇళ్లు దాటి వీధిన పడ్డ రోజుల్లో, ఎప్పుడూ వాన కురిసే ఒక ఉత్తరాది ఊళ్లో పుట్టాను. వేడి ప్లాస్టిక్ ముద్దను అప్పడంలా ఒత్తి, అంచులు కోసి, అట్ట తొడిగి బయటికి పంపారు. నాలో ఒక్కరి పాటలు కావు, తలా ఒక పాట తెచ్చి కుట్టిన బొంత నేను. దాన్నే మర్యాదగా సంకలనం అంటారు. నాలో పాడిన బృందాల్లో కొందరికి గిటారు శ్రుతి చేయడం రాదు. వచ్చినవాళ్లు, చేస్తే పరువు పోతుందని మానేశారు. అందరికీ కోపమే. ఇంటి అద్దె మీద కోపం, పోలీసుల మీద కోపం, హెడ్మాస్టర్ల మీద మరీ కోపం. అట్ట మీద పగిలిన కిటికీ బొమ్మ, దాని కింద నా పేరు. తెలుగులో చెప్పాలంటే ‘నోరు మూసుకోం’ అని.

ఇంత కోపం మోస్తున్న నన్ను మొదట కొన్నది పీలా జగన్నాథం అనే విశాఖపట్నం ఓడ ఇంజనీరు. సంగీతం మీద ప్రేమతో కాదు. ఆ దుకాణంలో హీటరు ఉంది, బయట చలి. ఊరికే నిలబడితే బాగుండదని చేతికందిన నన్ను కొన్నాడు. ఇంటికొచ్చి పెట్టి చూస్తే వాళ్లావిడ ఒక్క పాట విని, “ఎవులో సచ్చిపోతన్నట్టున్నారు, ఆపీ” అంది. తరవాత నేను చాలాకాలం అటక మీద, పగిలిన మిక్సీ జార్ల మధ్య ఉన్నాను. విప్లవాలకు అదేమీ కొత్త కాదు.

అక్కణ్నుంచి నన్ను దించింది ఆకెళ్ల విశ్వేశ్వరరావుగారి మోజు. ఆయన ఊరి చివర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి వైస్ ప్రిన్సిపాల్, ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్ కూడా. ఇంగ్లిష్ చెప్పేవారు. చొక్కా పైబొత్తం పెట్టుకోకపోతే క్లాసులోకి రానిచ్చేవారు కాదు. అలాంటి మనిషికి ప్రాణం బ్రిటిష్ పంక్ సంకలనాలు. పంక్ ఒక్కటే కాదు, దాని అన్నదమ్ములూ మేనత్త పిల్లలూ అయిన స్కా, ఓయ్, పోస్ట్ పంక్ ఏది దొరికినా వదిలేవారు కాదు. నా సంగతి ఎలా తెలిసిందో గానీ జగన్నాథం ఇంటికి ఆయనే వచ్చారు. ఆ ఏడాది జగన్నాథం మేనల్లుడికి కాలేజీలో సీటు వచ్చింది. నేను రావుగారి బీరువాలోకి వచ్చాను. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదని ఇద్దరూ గట్టిగా చెప్పుకున్నారు.

ఆ బీరువాలో నాలాంటి వాళ్లు గోడలా నిలబడి ఉన్నారు. ఊళ్లు తగలెడతాం, చట్టాలు చింపేస్తాం, రేపన్నది లేదు అని అరిచే వాళ్లంతా అక్షరక్రమంలో! ఒక్కొక్కరికీ ప్లాస్టిక్ తొడుగు, పురుగు పట్టకుండా కలరా ఉండలు. కొత్త రికార్డు వచ్చినప్పుడు రావుగారు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక్కసారి వినేవారు. మళ్లీ వింటే అరుగుతుందని దాచేసేవారు. ప్రతి ఆదివారం తీసి మల్లుగుడ్డతో తుడిచేవారు. ఎవరైనా వస్తే మా పాటల్లోని ధిక్కారం గురించి ఉపన్యాసం చెప్పేవారు. ఆయన భార్య సుభద్రగారు వచ్చిన వాళ్లకు కాఫీ ఇచ్చి వెళ్లిపోయేవారు. మమ్మల్ని ముట్టుకునే హక్కు ఆవిడకు లేదు. చేతికి తడి ఉంటుందట.

ఇలా ఉండగా హాస్టలు పప్పులో పురుగులు వచ్చాయి. పైడితల్లి అనే ఆఖరి సంవత్సరం పిల్ల కంచం పట్టుకుని తిన్నగా రావుగారి ఇంటికే వచ్చింది.

“సూడండి మేస్టారూ, పప్పులో పురుగులొత్తన్నాయి.”

రావుగారు కంచంలోకి చూశారు. “అది జీలకర్ర.”

“జీలకర్రకి కాళ్లుంటాయేటండి?”

ఈ ప్రశ్నకు ఇంగ్లిష్ సాహిత్యంలో జవాబు లేదు. అందుకని రావుగారు ఆ పిల్లను సస్పెండ్ చేసి, ఆదివారం సాయంత్రానికల్లా హాస్టలు ఖాళీ చెయ్యమన్నారు. పరీక్షలు నెత్తి మీదున్నాయి. ఆమె ఊరికి బస్సే సరిగ్గా లేదు. హాస్టలు పోతే చదువు అక్కడితో సరి.

ఆదివారం పొద్దున్నే ఆడపిల్లలంతా వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. కంచాలు తిరగేసి గరిటెలతో మోత మొదలెట్టారు. రావుగారు అప్పుడు నన్నే తుడుస్తున్నారు.

“సుభద్రా, ఆ కిటికీ ముయ్యి. దుమ్మొస్తోంది.”

“దుమ్ము కాదండీ. పిల్లలు.”

“అలగా జనం! ధిక్కారమా నా దగ్గర? ప్రిన్సిపాల్‌తో చెప్పి పోలీసుల్ని పిలిపిస్తాను” అంటూ, నన్ను బల్ల మీద పెట్టి ఫోను చేయడానికి పక్క గదిలోకి వెళ్లారు.

సుభద్రగారు కాసేపు కిటికీలోంచి చూశారు. తరవాత కొంగుతో చేతులు తుడుచుకున్నారు. నన్ను ప్లేయరు మీద పెట్టి, స్పీకర్లు రెండూ కిటికీ వైపు తిప్పి, శబ్దం పెంచాల్సినంతా పెంచారు.

అయ్యా, పుట్టి బుద్ధెరిగాక నేను వీధికి వినబడేలా నోరు తెరవడం అదే మొదలు! నా మొదటి కేకకు పిల్లలు బెదిరి కంచాలు ఆపారు. ఎవరో కిసుక్కున నవ్వారు. పైడితల్లి తల ఊపుతూ గరిటె ఎత్తింది. అంతే, కంచాలన్నీ నాతో కలిశాయి. నాలో పాడిన వాళ్లకు ఏనాడూ కుదరని తాళం అక్కడ కుదిరింది.

రావుగారు ఫోను వదిలేసి పరుగెత్తుకొచ్చి ప్లేయరు చెయ్యి పట్టుకుని లాగారు. ముల్లు నా ఒంటి మీద ఈ కొస నుంచి ఆ కొసకు బర్రున గీసుకుంటూ పోయింది. ఆయన నన్ను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడ్డారు. నిజంగానే ఏడ్చారు.

“గీత! చూశావా, ఎంత గీతో!”

“పప్పులో పురుగు కనబళ్లేదు గానీ, ఇది కళ్లద్దాలు లేకుండానే కనబడిందే” అన్నారు సుభద్రగారు. అంటూనే బీరువాలోంచి ఇంకో రికార్డు తీసి, ప్లాస్టిక్ తొడుగు చింపారు. “ఆ పిల్లని ఉండమని చెబుతారా, ఇదీ వెయ్యనా?”

“సుభద్రా! అది ఇంకెక్కడా దొరకదు!”

“ఆ పిల్లకి ఈ ఏడు చదువు ఎక్కడ దొరుకుతుంది?”

రావుగారు లేచారు. వరండాలోకి వెళ్లి, ఎవరి ముఖమూ చూడకుండా, “సస్పెన్షన్ లేదు. వెళ్లి చదువుకోండి” అన్నారు.

“మరి పప్పు, మేస్టారూ?” అంది పైడితల్లి.

లోపల్నుంచి సుభద్రగారు, “ఇవాళ్టి నుంచి మేస్టారూ అక్కడే తింటారమ్మా” అన్నారు. “ఇంట్లో నేను వండటం లేదు.”

తిన్నారు. వారం తిరక్కుండానే సరుకుల కాంట్రాక్టరు మారాడు. పరిశుభ్రమైన ఆహారం గురించి రావుగారు కాలేజీ వార్షికోత్సవంలో గొప్ప ఉపన్యాసం ఇచ్చారు. చొరవ తనదేనన్నారు. పైడితల్లి పరీక్షలు రాసి పాసయింది. ఆ ఉపన్యాసానికి చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టింది ఆ పిల్లేనట.

గీత పడ్డ నేను మాత్రం బీరువాకు పనికిరాలేదు. పాత సామాన్లవాడికి వేసెయ్యమని రావుగారు నన్ను గుమ్మం బయట పెట్టారు. సుభద్రగారు లోపలికి తెచ్చి వంటింట్లో పెట్టుకున్నారు. ప్లేయరు కూడా అక్కడికే వచ్చింది. ఆవిడ మళ్లీ వండటం మొదలెట్టారు కానీ నేను లేకుండా కాదు. చిక్కుడుకాయలు ఒలుస్తున్నా, పులుసు మరుగుతున్నా నేను మోగాల్సిందే. ఒక పాట దగ్గర ముల్లు గీతలో ఇరుక్కుని ముందుకు పోదు. ‘నో’ అన్న ఒక్క మాటనే పట్టుకుని, నో, నో, నో అంటూ ఉంటాను.

ముందు గదిలోంచి రావుగారి గొంతు వినిపిస్తుంది. “సుభద్రా, ఆ ముల్లు కాస్త జరుపు, నీకు పుణ్యముంటుంది.”

“జరుపుతానండీ” అంటారావిడ, కూర కలుపుతూ. “ఇది ఉడకనివ్వండి.”