అంచు సాలు కంకులు

పట్టపగలు, అందరూ చూస్తుండగానే, కంపెనీ మనుషులు మా అత్త ఇంట్లోంచి విత్తనాల కుండలు తెచ్చి జీపెక్కించారు. పోలీసులు పక్కనే నిలబడ్డారు. ఆ జొన్న విత్తనం అత్తకి వాళ్ళమ్మ ఇచ్చింది. ఇప్పుడది దొంగసొత్తట!

రుజువు చేసిన తీరు కూడా వినండి. కలుపు మందుకి చావని జొన్నని కంపెనీ తయారుచేసి గట్టు అవతలే పండిస్తోంది. అదే మందు అత్త చేలో ఓ మూల కొట్టారు. కొన్ని మొక్కలు చావలేదు. చావలేదు కాబట్టి మా అత్త దొంగ.

మా పొరపాటల్లా ఒక్కటే. విత్తనానికి కంకులు ఎప్పుడూ అంచు సాల్లోనే ఏరతాం, ఎండా గాలీ తగిలి గింజ గట్టిగా ఉంటుందని. ఆ గాలే కంపెనీవాడి చేలోంచి పుప్పొడిని మోసుకొచ్చింది. ఏరి ఏరి మా చేతుల్తో మేమే కుండల్లో పోసుకున్నాం.

సాయంత్రం కూలీల సంఘం గదిలో మీటింగు పెట్టాం. కంపెనీవాళ్ళ కాళ్ళు పట్టుకుందామన్నారు కొందరు. అప్పుడు కంపెనీ చేలో మందు కొట్టే ట్రాక్టరు డ్రైవరు అసలు సంగతి బయటపెట్టాడు. వాగొడ్డున మొలిచే పిచ్చిజొన్నకి కూడా మందు కొట్టి చూశాడట, ఆ పుప్పొడే సోకి అదీ చావలేదట. ఆ కలుపు చేలకెక్కితే ఇక మాకు తిండిగింజ ఉండదు.

"అయితే వాగుని కూడా అరెస్టు చేస్తారా?" అన్నాడు పొట్టి బాబాయి. ఎవరికీ నవ్వు రాలేదు.

అత్త లేచింది. "వాడి చేను పొట్ట మీదుంది. కంకి బయటికొస్తే మళ్ళీ పుప్పొడి లేస్తుంది. నాకు జైలు ఎలాగూ తప్పదు. చెయ్యని దొంగతనానికి పోవడమెందుకు? ఆ చేను కోసే పోతాను."

"నువ్వొక్కదానివే కోస్తే ఎప్పటికవుద్ది?" అంది పక్కింటి వదిన, కొడవలి కోసం లేస్తూ.

తెల్లారగానే అందరం దిగాం. భయం లేదని అబద్ధం చెప్పను. సగం చేను కోసేసరికి లాఠీలు వచ్చాయి. వదిన చెయ్యి విరిగింది. అత్తని వ్యాన్‌లోకి తోస్తుంటే, "వాగు చూసుకోండే," అని ఒక్క మాటే అంది.

మిగిలినవాళ్ళం వాగుకి పరిగెత్తాం. కనుచూపు మేరా పిచ్చిజొన్న, అప్పటికే పూతకొచ్చింది. పీకితే వేరు తెగి మట్టిలోనే ఉండిపోతోంది. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే పీకాను.

మలుపు తిరిగితే దిగువ ఊరివాళ్ళు ఎదురొచ్చారు. ఏటా నీళ్ళ కోసం మాతో తలలు పగలగొట్టుకునేవాళ్ళు. డ్రైవరు చెప్పిన కబురు విని, నడుముల్లోతు నీళ్ళలో పిచ్చిజొన్న పీక్కుంటూ వస్తున్నారు.

వాళ్ళ పెద్దాయన మా ముఖాలు చూశాడు. "మా దగ్గర కూడా కంపెనీ చేనుంది," అన్నాడు. "మీ కొడవళ్ళు తీసుకురండి."