హజ్రా బీ ఇల్లు ఖాళీ చేసిన రోజు

అరవై ఏళ్లు దాటిన హజ్రా బీ తన ఇంట్లోంచి తనే సామాను బయటికి మోస్తుంటే, వినుకొండ బస్టాండు వెనక సందంతా నోరెళ్లబెట్టి చూసింది. ముందు ట్రంకుపెట్టె, తర్వాత నులకమంచం, ఆ వెనక గ్యాస్ పొయ్యి. ఎవరన్నా చెయ్యి వెయ్యబోతే ఊరుకుంటేనా! "నేనే మొయ్యాల. మీరు చూడాల," అని కసిరింది.

ముందు గదిలో మోటార్లు వైండింగు చేసే షాపు, వెనక కాపురం. అంతా మొన్నటిదాకా హజ్రా బీ పేరు మీదే ఉంది. భర్త అబ్దుల్ రహీమ్ పోయాక షాపు నిలబెట్టింది కూతురు ఆసియా. రాగితీగ చుట్టీ చుట్టీ పాపం ఆ పిల్ల వేళ్లు కాయలు కాశాయి. బొల్లాపల్లి రైతులు కూడా కాలిన మోటారు తెచ్చి, ఆసియమ్మ చేస్తేనే అని కూర్చుంటారు. మరి కొడుకు షాహిద్? తండ్రి బతికుండగా రాసిచ్చిన నరసరావుపేట ఇంట్లో దర్జాగా ఉన్నాడు. చాలదన్నట్టు, అమ్మ కన్ను మూస్తే ఈ షాపు అమ్మెయ్యాలని బేరగాణ్ణి కూడా చూసిపెట్టాడు! అది తెలిసిన రోజు హజ్రా బీకి ఒళ్లు మండిపోయింది.

వీలునామా రాద్దామని పోతే వకీలు తల అడ్డంగా ఊపాడు. "మీ షరియత్ ప్రకారం కూతురికి వీలునామా రాస్తే కొడుకూ ఒప్పుకోవాలమ్మా. వాడు ఒప్పుకోడు. బతికుండగానే దానం చెయ్యండి, హిబా అంటారే, అది. కాయితం ఒక్కటే చాలదు. మీరు నిజంగా వదిలేసి, ఆస్తి ఆమె చేతిలో పెట్టాల."

"అంతేగా," అంది హజ్రా బీ. కాయితం రిజిస్టరైన మర్నాడే ఈ మోత మొదలెట్టింది.

ఎవరు ఫోన్ చేశారో, షాహిద్ బండి మీద దిగాడు. "చూశారా! కన్నతల్లిని నడిరోడ్డు మీద పడేసింది!"

"నోర్ముయ్‌రా! నన్ను పడేసే మొనగాడు ఇంకా పుట్టలా. నేనే ఖాళీ చేశా. నీకు మీ అబ్బా ఇచ్చాడు, దీనికి నేనిచ్చా. ఏం దానయ్యా, చూశావుగా?"

"కళ్లారా చూశానక్కా," అన్నాడు ఎదురు టీకొట్టు దానయ్య.

హజ్రా బీ తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టింది. "తాళమెయ్యి."

"నాకొద్దమ్మీ, నువ్వు లోపలికి రా," ఆసియా ఏడ్చేసింది.

"వెయ్యమన్నానా!"

తాళం పడగానే హజ్రా బీ ఆ తలుపు వంక ఒకసారి చూసుకుంది. పెళ్లై వచ్చిన ఇల్లు మరి.

"ఏంది ఈ నాటకం? రాత్రికి మళ్లీ అక్కడే పడుకుంటావుగా," షాహిద్ వెటకారంగా నవ్వాడు.

"అడిగే పడుకుంటాలేరా," అని హజ్రా బీ కూతురి వైపు తిరిగింది. అందరికీ వినపడేటట్టు గొంతు పెంచింది. "ఆసియా, ఇది నీ ఇల్లు. నన్ను ఉండనిస్తావా?"

ఆసియా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"చెప్పవే. వీడు వినాల."

"ఉండమ్మీ," అని ఆసియా తాళం తీసింది.

ఇన్నేళ్లూ ఆ షాపులోకి చెప్పులతోనే దూసుకుపోయిన మనిషి, ఆ రోజు గడప బయటే చెప్పులు విప్పి లోపలికి పోయింది.