సెన్సర్ మార్చిన బండి

గట్టు కురుమూర్తికి అల్లుడంటే చులకన. శ్రీనాథ్‌ది తిమ్మాజిపేట. మెల్లగా మాట్లాడతాడు, చాయ్‌లో చక్కెర వద్దంటాడు. ఇట్లాంటివాడికి పిల్లనెట్లా ఇచ్చానా అని కురుమూర్తి ఇప్పటికీ నొచ్చుకుంటాడు.

కూతురు అమూల్యతో కలిసి అల్లుడు వచ్చి ఉన్నప్పుడే పికప్ బండిలో ఇంజన్ లైటు వెలిగింది. శ్రీనాథ్ దోస్తు దగ్గర్నుంచి చిన్న స్కానర్ తెచ్చి, స్టీరింగ్ కింద గుచ్చి, ఫోన్‌లో చూశాడు.

"మామా, ఇది టైమింగ్ కోడ్. ఇంజన్ లోపల కింద ఒక షాఫ్టు, పైన ఒక షాఫ్టు ఉంటయి. రెండిట్ని చైను కలుపుతది. అవి లెక్క తప్పకుండ తిరగాలె. ఇప్పుడు లెక్క కలుస్తలేదంటుంది."

"ఎవరంటుండ్రు? నీ ఫోనా?"

"ఏది ఖరాబైందో కోడ్ చెప్పదు. సెన్సర్ తప్పు చూపియ్యొచ్చు, చైను సాగిపోయి ఉండొచ్చు. పొద్దున స్టార్ట్ చేయంగనే గలగల సప్పుడొస్తుంది గదా, నాకు చైను మీదనే అనుమానం. విప్పి చూపిద్దాం. అప్పటిదాంక బండి తియ్యకు."

"రోగమేందో చెప్పలేని డాక్టరు దగ్గరికి ఎవడు పోతడు?" అని కురుమూర్తి తుపుక్కున ఉమ్మేసి, బండి తీసుకొని గద్వాలలో హరీష్ షెడ్డుకు పోయాడు.

హరీష్ బానెట్ ఎత్తకముందే "సెన్సర్ పోయింది కాకా" అన్నాడు. ఆ తొందర కురుమూర్తికి తెగ నచ్చింది. మెకానిక్ అంటే ఇట్లా ఉండాలి అనుకున్నాడు. సెన్సర్ మార్చారు, కోడ్ చెరిపేశారు. లైటు ఆరిపోయింది.

ఇంటికొచ్చి అల్లుణ్ణి బయటికి పిలిచాడు. "ఏడున్నదయా నీ కోడ్?"

"తుడిపేసిండ్రు మామా. మళ్ల వస్తది. సప్పుడు పోలేదు గదా."

"సప్పుడు బండికి రాక నీకొస్తదా?"

మర్నాడు పల్లికాయ బస్తాలు ఎక్కించి, గద్వాల మార్కెట్‌కు తోడు రమ్మన్నాడు. శ్రీనాథ్ రానన్నాడు. మామను కూడా పోవద్దన్నాడు.

"భయమైతే మీ అత్త పక్కన కూసొని కూరగాయలు కోయి" అని కురుమూర్తి ఒక్కడే బయల్దేరాడు.

సగం దారిలో లైటు మళ్లీ వెలిగింది. దాని మీద చేతిరుమాలు కప్పాడు. ఎత్తు ఎక్కుతుండగా బానెట్ కింద ఫట్‌మని ఏదో పగిలినట్టయి ఇంజన్ ఆగింది. తాళం తిప్పితే స్టార్టర్ గిర్రుమంది గానీ ఇంజన్ అందుకోలేదు.

హరీష్‌కు ఫోన్ చేశాడు. "సెన్సర్ కొత్తదే ఏసిన కాకా. చైను సంగతి నాకు తెల్వదు" అని పెట్టేశాడు. వాడి గొంతు వింటే కురుమూర్తికి అసహ్యం పుట్టింది. నిన్న మెచ్చుకున్నది ఆ గొంతునే. అల్లుడికి చేయడానికి మనసొప్పక అమూల్యకు చేశాడు.

శ్రీనాథ్ బైకు మీద వచ్చాడు, వెనక ట్రాలీ ఆటో తెచ్చాడు. 'నేను చెప్పలేదా' అంటాడని కురుమూర్తి పళ్లు బిగించుకున్నాడు. ఆ మాట అంటే తిట్టడానికి తిట్లు కూడా సిద్ధం చేసుకున్నాడు. శ్రీనాథ్ అనలేదు. "ఇంక తాళం తిప్పకు మామా" అని మాత్రం అని బస్తాలు మార్చడం మొదలుపెట్టాడు. కురుమూర్తికి అది ఇంకా మండింది.

హరీష్ మొఖం చూడనని పంతం పట్టి కురుమూర్తి బండిని వనపర్తి దాకా లాగించాడు. వెంట వచ్చిన శ్రీనాథ్ సాయం పడుతుంటే, అక్కడి మెకానిక్ రామచంద్రయ్య ఇంజన్ విప్పి చూశాడు. "చైను సాగి చక్రం పళ్ల మీదికెళ్లి జారింది. వాల్వులు పిస్టన్లకు కొట్టుకొని వంగినయి. లైటు వచ్చిననాడే ఆపుంటే చైను ఖర్చుతోనే పోయేది."

"నేను మొదటి నుంచి చైనే అంటున్న" అన్నాడు కురుమూర్తి. "ఈ కాలం పిల్లలు సెన్సర్ సెన్సర్ అని నా పానం తీసిండ్రు."

శ్రీనాథ్ చేతులు తుడుచుకుంటూ ఆగాడు. మామను కాలి నుంచి తల దాకా తీరిగ్గా చూశాడు. కురుమూర్తి అందరినీ చూసే చూపే అది. తన మీద పడడం కురుమూర్తికి కొత్త.

"అవును మామా. నువ్వే చెప్పినవ్" అని శ్రీనాథ్ ఒక్కడే చాయ్ తాగడానికి పోయాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చోగానే కురుమూర్తి భార్యతో అన్నాడు: "నీ అల్లునికి మర్యాద తెల్వదు."

సత్తెమ్మ పప్పు వడ్డిస్తూ, "తెల్సు గనకనే నోరు మూసుకున్నడు" అంది.